వినపడని రంగు

దండోరా వేసే ఎల్లమంద గొంతెత్తితే ఊరవతలికీ వినపడేది. కళ్ళకు మాత్రం ఎరుపూ ఆకుపచ్చా ఒక్కలాగే కనపడేవి. "పండుమిరపకాయలు కోసుకురమ్మంటే పచ్చివి తెచ్చే మొగుణ్ణి నేను" అని తన మీద తనే నవ్వుకునేవాడు.

ఆ రాజ్యపు మంత్రి మాధవభట్టుకు ఒక కొత్త ఆలోచన పుట్టింది. శాసనాల్లో "చేయండి, చేయకండి" అని రాయడం దండగట! చేయదగ్గవి ఆకుపచ్చ సిరాతో, కూడనివి ఎర్ర సిరాతో రాస్తే చాలట. మొదటి శాసనం ఎర్ర సిరాతో వచ్చింది: "రాజుగారి తోటలో పశువులను మేపుట." ఎల్లమంద దాన్ని ఆకుపచ్చ అనుకుని, "మేపుకోండహో!" అని చాటేశాడు. సాయంత్రానికి తోటలో మల్లెతీగ కూడా మిగల్లేదు.

"వీడి డప్పు లాక్కోండి!" అని మంత్రి సభలో మండిపడ్డాడు. డప్పు పోతే ఎల్లమందకు కూడు పోయినట్టే.

"నావి పనికిమాలిన కళ్ళే, ఒప్పుకుంటానయ్యా. కానీ జనం శాసనాన్ని చూడరు, వింటారు కదా! ప్రభువులు కళ్ళు మూసుకుంటే, మంత్రిగారూ, తమరే ఒక్కసారి చదివి వినిపించండి" అన్నాడు ఎల్లమంద.

రాజు సరదాపడి కళ్ళు మూసుకున్నాడు. మంత్రి గొంతు సవరించుకుని చదివాడు: "రాజుగారి తోటలో పశువులను మేపుట."

"మేపాలా, మానాలా?" అన్నాడు రాజు.

"మానాలి ప్రభూ! అది ఎర్ర సిరా!"

"ఇప్పుడు నోటితో అన్న ఆ ముక్కే చేత్తో కూడా రాయండయ్యా. ఆపైన రంగులు తమ ఇష్టం" అన్నాడు ఎల్లమంద.

రాజు పకపకా నవ్వి, డప్పు తిరిగి ఇప్పించి, శాలువా కప్పాడు. ఎల్లమంద దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నసిగాడు.

"ప్రభూ, దీని మీదా రంగు పేరు రాయించండి. లేకపోతే ఇంటికెళ్ళగానే 'ఇదేం రంగో చెప్పు' అని మా ఆవిడ ఆటపట్టిస్తుంది."