నూకాలు అద్దిన పువ్వు

వెనకటికి, ఇంటింటా రాట్నం తిరిగే రోజుల్లో, ఏటి ఒడ్డున ఓ ఊరు. ఆ ఊరి చివర ఓ గుడిసె. ఆ గుడిసెలో నూకాలు, ఆమె చంటిబిడ్డ పైడి.

ఆ ఏడు వానల్లేవు, కూలి లేదు. పిల్లను ఎవరింట్లోనైనా వదిలి వలస పొమ్మన్నారు అందరూ. పిల్లను వదలడానికి నూకాలుకి మనసొప్పలేదు. అద్దకం చీరలకి సంతలో గిరాకీ ఉంది. అయితే పువ్వులు అద్దే కొయ్య అచ్చులు కొనే తాహతు ఆమెకేదీ?

పెరట్లో బెండకాయ అడ్డంగా కోసింది. లోపల పువ్వుంది. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నల్లరంగులో ముంచి పాత చీర మీద అద్దింది. ఏట్లో జాడిస్తే రంగంతా పోయింది. ఊరు నవ్వింది. నూకాలు మళ్లీ కాయ కోసింది.

ఈసారి గుడ్డని ముందుగా కరక్కాయ నీళ్లలో నానబెట్టింది. రంగు నిలిచింది. కానీ లేతకాయ నలిగి పువ్వు అలుక్కుపోయింది. ఊరు నవ్వింది. నూకాలు మళ్లీ కాయ కోసింది.

ఈసారి మేకలకి పడేసే ముదురుకాయ తీసుకుంది. గట్టిగా నిలిచింది. అద్దే వైపు మెత్తబడినప్పుడల్లా ఓ పలుచని ముక్క కోసేసింది. కాయ కొసకి సన్నబడుతుంది కదా, పువ్వులూ చిన్నవవుతూ వచ్చాయి.

సంతలో కొయ్య అచ్చులతో చీరలద్దే వరహాలయ్య ఆ చీర ఎత్తి అందరికీ చూపించాడు. "ఇదేం చీరే నూకాలూ? ఈ కొసన పువ్వులకి తిండి పెట్టి, ఆ కొసన పస్తుంచావా?"

ఊరు నవ్వింది. నూకాలు మాత్రం నెమ్మదిగా అంది: "మీ పెరట్లో పాదు చూళ్లేదా మావా? విచ్చిన పువ్వు పక్కనే మొగ్గ ఉండదా?"

పక్కనున్న ఓ బాలింత చీరని దగ్గరికి లాక్కుంది. "పువ్వు నాకు, మొగ్గ నా బిడ్డకి" అని కొనుక్కుంది. పొద్దు వాలకముందే మరో ముగ్గురు తమకూ అలాంటివే కావాలన్నారు. పైడి అమ్మ ఒళ్లోనే పెరిగింది.

పనిలేని ఆడవాళ్లు వచ్చి అడిగితే నూకాలు దాచలేదు. "ఎవరి పెరటి కాయ వాళ్లు కోసుకోండి" అంది. ఒకరిది బీరకాయ పువ్వు, ఒకరిది కాకరకాయ పువ్వు. ఇంటికో పువ్వు. ఎవరూ వలస పోలేదు. చివరికి వరహాలయ్య కోడలూ వచ్చి ఆ వరసలో కూర్చుంది.

నూకాలు పోయిన రోజున ఆమెకి కప్పిన తెల్లగుడ్డ మీద ప్రతి ఇల్లూ తన పువ్వు అద్దింది. పైడి చివర్న ఓ మొగ్గ అద్దింది.

ఇప్పటికీ ఆ ఊళ్లో ముదురు బెండకాయ పారెయ్యరు, అద్దుకోమని పిల్లల చేతికిస్తారు. పని చెడి ఎవరైనా దిగులుగా కూర్చుంటే, పెద్దవాళ్లు పక్కన కూర్చుని ఒక్కటే మాట అంటారు.

"మళ్లీ కాయ కొయ్యమ్మా."