ఏడు వానల శిక్ష

అనగనగా ఒక కొండ అడవి. అక్కడ తీర్పులు చెప్పేది వీరవ్వ అనే ముసలి ఆడ ఏనుగు.

ఆమెకు ముందు ఒక ఎలుగుబంటి చెప్పేది. పాపం, దానిది మెత్తని మనసు. ఎవరు ఏడిస్తే వాళ్ళను వదిలేసేది. చూస్తుండగానే మేకల మంద సగమైపోయింది. అందుకే అడవి అంతా కూడి ఒక కట్టుబాటు పెట్టుకుంది. మేకపిల్లను ఎత్తుకుపోతే ఏడు వానాకాలాలు కొండ అవతలే ఉండాలి. గట్టి కారణం ఉంటేనే శిక్ష తగ్గాలి. ఆ కారణాన్ని పిల్లతల్లి ముఖం చూసి, అందరూ వినేలా చెప్పాలి.

ఒకరోజు తోడేలు దొరికింది. ఆకలేసి తిన్నానంది. అప్పటికి అది తిన్న మూడో పిల్ల. వీరవ్వ ఆ పిల్లతల్లి వైపు తిరిగింది. ఆమె ముఖం చూసి చెప్పగల కారణం ఒక్కటీ కనిపించలేదు. ఏడు వానలూ వేసింది.

మర్నాడు గుంటనక్క. నక్క వినయాలు మీకు తెలియనివా? వీరవ్వ కాళ్ళకు మొక్కింది, తాతలనాటి స్నేహం గుర్తుచేసింది. తాతల స్నేహం పోయిన పిల్లను తెచ్చిస్తుందా? దానికీ ఏడు వానలే.

మూడోరోజు దుమ్ములగొండి తనంతట తానే కుంటుకుంటూ వచ్చింది. నోట్లో మేకపిల్ల ప్రాణంతోనే ఉంది, చెవి మీద మాత్రం పంటిగాటు. ఉచ్చులో పడి కాలు దెబ్బతిందట. గుహలో కళ్ళు తెరవని కూనలు రెండున్నాయట. ఎత్తుకుపోయింది గానీ, మేకపిల్ల అమ్మ కోసం అరుస్తుంటే తినలేకపోయిందట.

వీరవ్వ గుండె కరిగింది. అయినా జాలి ఒక్కటే చాలదని ఎలుగుబంటి కాలంలోనే చూసింది. తల్లిమేక కళ్ళలోకి చూసింది.

“అమ్మా, ఇది నీ బిడ్డను ఎత్తుకుపోయిన మాట నిజం. ఎవరూ పట్టుకోకముందే తెచ్చి అప్పగించింది. ఇదే దీని మొదటి తప్పు. ఏడేళ్ళు పంపితే ఈ కుంటికాలితో ఇదీ బతకదు, కూనలూ బతకవు. నీ బిడ్డ బతికుండగా మూడు ప్రాణాలు తీయడం తగునా?”

తల్లిమేక తన పిల్ల చెవి నాకింది. “తగదు. అలాగని ఊరికే వదిలేయకూడదు,” అంది.

“వదలను. కూనలు నడక నేర్చాక ఒక వానాకాలం కొండ అవతల ఉండాలి,” అంది వీరవ్వ.

ఇంకా కొండ దాటని తోడేలుకు ఒళ్ళు మండింది. “నాకు ఏడు, దానికి ఒకటా?” అంది.

“కట్టుబాటు ఇద్దరికీ ఒక్కటే. నువ్వు తిన్న పిల్ల తల్లి అదిగో. నీ కారణం ఆమె ముఖం చూసి చెప్పు. నిలబడితే నీకూ తగ్గిస్తాను.”

తోడేలు తలెత్తింది. ఆ తల్లి దానివైపే చూస్తోంది. తోడేలు తల దించుకుని కొండదారి పట్టింది.

నీతి: నష్టపోయినవారి ముఖం చూసి చెప్పగల కారణం ఉన్నప్పుడే శిక్ష తగ్గించాలి, అలాంటి కారణం ఉన్నప్పుడు తగ్గించి తీరాలి.