ఫోటోలో లేని నీళ్ళు

సుగుణ భయమంతా కుడిచేతిలో ఉండేది. కేకు ముందు కూర్చుని క్రీము కోను పట్టుకుందంటే చాలు, వేళ్ళు వణికేవి.

మొదట్లో అలా ఉండేది కాదు. బందరులో ఖలందరు మాస్టారి బేకరీలో పని నేర్చుకోవడానికి చేరిన కొత్తలో, ఒక పాప పుట్టినరోజు కేకు మీద నెమలిని వేసింది. పెట్టె మూత తియ్యగానే ఆ పాప "నాకు కోడి వద్దు" అని ఏడుపు లంకించుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. నవ్వితే నవ్వారు, పోయిందేముంది అని మనం అంటాం. మన చెయ్యి కాదు కాబట్టి అంటాం. సుగుణ చెయ్యి మాత్రం ఆ రోజు నుంచి ఆమె మాట వినడం మానేసింది.

తర్వాత ఆమె ఒక చిన్న ప్రొజెక్టరు కొనుక్కుంది. మైదా బస్తాలుండే గదిలో కిటికీకి దుప్పటి కట్టి, ప్రొజెక్టరును పై అరకు బోర్లా బిగించింది. ఫోనులోని బొమ్మ కింద ఉన్న కేకు మీద వెలుగుగా పడుతుంది. చేతి నీడ అడ్డు రాకుండా పక్కకి ఒరిగి, ఆ గీతల వెంబడి క్రీము పెట్టుకుంటూ పోవడమే. వెలుగు ఉన్నంతసేపూ చెయ్యి కుదురుగా ఉండేది. నెమలి నెమలిలాగే వచ్చేది. బొమ్మ కేకులంటే సుగుణే చెయ్యాలని ఊళ్ళో పేరు కూడా వచ్చింది. ఆ గదిలోకి మాత్రం ఆమె ఎవరినీ రానిచ్చేది కాదు.

మాస్టారు ఏమీ అనేవారు కాదు. ఆయన ముందుగదిలో, దుకాణానికి వీపు పెట్టి, కిటికీ పక్క బల్ల మీద క్రీముతో గులాబీలు చేసుకునేవారు. రేకుల అంచులు సన్నగా ముడతలు తేలి ఉండే ఆ గులాబీల కోసం గుడివాడ నుంచి కూడా వచ్చేవాళ్ళు. అంచులు అలా ఎలా వస్తాయని సుగుణ అడిగితే, "వస్తాయమ్మా" అనేవారు. అంతకుమించి చెప్పేవారు కాదు.

ఒకరోజు ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "వచ్చే నెల నుంచి ఈ బల్ల నీదమ్మా. నా కళ్ళు ఇక చాలంటున్నాయి" అన్నారు.

సుగుణ ఆ కిటికీ వంక చూసింది. ఆ బల్ల దగ్గర చీకటి చేసుకోవడం కుదరదు. కొనేవాళ్ళు కిటికీ బయట నిలబడి చూస్తుంటారు. ఇక్కడ ఒక పువ్వు వెయ్యి, అక్కడ ఒక తీగ వెయ్యి అని అప్పటికప్పుడు అడుగుతారు. నలుగురి ముందూ చెయ్యి వణికితే ఆ బల్లా ఉండదు, వచ్చిన పేరూ ఉండదు. పైకి మాత్రం ఆమె, "ప్రొజెక్టరు ఉంది కదా మాస్టారూ, భయమేముంది?" అంది.

మాస్టారు ఆమె చేతి వంక చూశారు.

ఆ వారంలోనే ఒకనాటి పొద్దున రేవు దగ్గరి గిలకలదిండి నుంచి నాంచారమ్మ వచ్చింది. గాలివానలో ఆమె భర్త పడవ సముద్రంలో చిక్కుకుని, అందరూ ఆశ వదులుకున్నాక ఒడ్డు చేరిన సంగతి బేకరీలో అందరికీ తెలుసు.

"మనిషైతే వచ్చాడుగానీ భయం ఇంకా దిగలా," అంది నాంచారమ్మ. "రేవు వైపే పోవట్లా. పడవ మొకం చూట్టంలా. ఇయ్యాల ఆయన పుట్టినరోజు. కేకు మీద మా పడవ వేసిస్తే, దాన్నన్నా చూస్తాడేమోనని పిల్లలు అంటన్నారు."

ఫోను తీసి ఫోటో చూపించింది. పడవ ఇసుక మీద నిలబెట్టి ఉంది. పడవ మధ్యలో నిలువుగా ఉన్న కొయ్యకి ఆకుపచ్చ జెండా కట్టి ఉంది.

"దాంట్లో తాడు తాడూ ఆయనకి తెలుసు. సరిగ్గా రావాలమ్మా. నాలుగింటికి వచ్చి పట్టుకెళ్తా."

మధ్యాహ్నం సుగుణ తన గదిలో కేకు పెట్టుకుని, ఫోటోను దాని మీద పడేలా సర్దుకుంది. వెలుగు గీతల వెంట క్రీము పెట్టడం మొదలుపెట్టింది. ఎంతసేపు గడిచిందో, తలుపు తోసుకుని మాస్టారు వచ్చారు. ఆ గదిలోకి ఆయన రావడం అదే మొదలు.

"అయిపోవచ్చింది మాస్టారూ," అంది సుగుణ. గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. కేకు మీద పడవ నిండుగా కనిపిస్తోంది.

మాస్టారు వంగి ప్రొజెక్టరు వైరు లాగేశారు. కిటికీకి కట్టిన దుప్పటి విప్పారు.

ఎండ వెలుగులో చూస్తే కేకు మీద సగం పడవే ఉంది. ముక్కు ఉంది, జెండా ఉంది. జెండాని మోసే కొయ్య లేదు. కొయ్య గీసేశాననే సుగుణ అనుకుంది. ఇందాక అక్కడ ఉన్నది క్రీము కాదు, వెలుగు. పడవ అడుగు గీత కూడా మధ్యలో ఆగిపోయి ఉంది. జెండా ఒక్కటీ తెల్లటి క్రీము మీద దిక్కులేకుండా వేలాడుతోంది.

ఆమె వైరు అందుకోబోయింది. "వైరు పెట్టండి మాస్టారూ. టైమవుతోంది."

మాస్టారు కేకును కింది పలకతో సహా ఎత్తి, ముందుగదిలోకి తీసుకెళ్ళి, కిటికీ పక్క బల్ల మీద పెట్టారు.

కేకు వేలెడు కదిలినా వెలుగు మళ్ళీ పాత గీతల మీద కూర్చోదు. అది ఆమెకీ తెలుసు, ఆయనకీ తెలుసు.

"ఎంత పని చేశారు మాస్టారూ," అంది సుగుణ.

"వెలుగు గీసింది వెలుగుతోనే పోయింది. నువ్వు గీసింది ఇక్కడ ఉంది. మిగతాది గియ్యి." ఆయన కోను తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

కిటికీ బయట ఎవరో ఇద్దరు పఫ్‌లు తింటూ నిలబడి చూస్తున్నారు. సుగుణకి ఆ పాప ఏడుపు మళ్ళీ వినిపించింది. కోను కేకుకి ఆనించింది. పడవ అడుగు గీత వంకరటింకరగా సాగింది. చెయ్యి వెనక్కి లాగేసుకుంది.

"వణుకుతోంది మాస్టారూ. ఆగాక గీస్తాను."

మాస్టారు తన కుడిచెయ్యి చాపి, ఆమె చేతి పక్కన పెట్టారు. అది కూడా వణుకుతోంది. ఆమె చేతికన్నా ఎక్కువే వణుకుతోంది.

సుగుణ ఆ చేతిని చూసింది. గాజు అలమరాలో ఉన్న గులాబీల ముడతల అంచుల వంక చూసింది.

"ఎప్పటి నుంచి మాస్టారూ?"

"ఈ బల్ల దగ్గర కూర్చున్నప్పటి నుంచి." ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "వణికేటప్పుడు నీళ్ళు గియ్యి. ఆగినప్పుడు కొయ్య గియ్యి."

సుగుణ మళ్ళీ కోను పట్టుకుంది. భయం ఎక్కడికీ పోలేదు. వణుకుతున్న చేతితో, ఆ వంకర గీత కిందుగా, పడవ చుట్టూ నీళ్ళు గీసుకుంటూ పోయింది. ఒకచోట చెయ్యి కాస్త నిలిచినట్టు అనిపించింది. ఊపిరి బిగబట్టి కొయ్యని ఒక్క గీతలో జెండా దాకా లాగింది. అది కాస్త పక్కకి ఒరిగి వచ్చింది. దిద్దబోయి, ఊరుకుంది. చెయ్యి మళ్ళీ వణికింది. మళ్ళీ నీళ్ళలోకి వచ్చింది.

నాలుగింటికి నాంచారమ్మ వచ్చింది. కేకు మీదకి వంగి చాలాసేపు చూసింది. ఎప్పుడు నవ్వుతుందోనని సుగుణ కొంగు గట్టిగా పట్టుకుని నిలబడింది.

"ఫోటోలో నీళ్ళు లేవు గదమ్మా."

"లేవక్కా."

"కొయ్య వంగిందే."

"వంగిందక్కా."

నాంచారమ్మ కొయ్య ఒరిగిన చోట వేలు చూపించింది. "ఆ రోజు ఇట్టాగే వంగిందంట," అంది మెల్లగా. "నువ్వెప్పుడన్నా గాలివానలో పడవెక్కావా?"

"లేదక్కా."

"మరి ఎట్టా గీశావే తల్లీ?"

సుగుణ మాస్టారి వంక చూసింది. ఆయన ఎవరి మాటా విననట్టు కోనులో క్రీము నింపుకుంటున్నారు.

"భయపడుతూనే గీశానక్కా."

నాంచారమ్మ ఆమె చేతి వంక చూసింది. తర్వాత పెట్టెను రెండు చేతుల మీదా ఎత్తుకుంది.

"ఆయనకి ఈ మాటే చెబుతా," అని మెట్లు దిగింది.

సుగుణ చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. తర్వాతి కేకును కిటికీ దగ్గరికి జరుపుకుంది.