పచ్చ తెర వెనక పెసరట్టు

అనగనగా కాలవ గట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక పెంకుటిల్లు. ఆ ఇంట్లో పొద్దున వెలిగించిన పొయ్యి మళ్ళీ రాత్రికిగానీ ఆరేది కాదు. ఆ పొయ్యి ముందు కూర్చునే ఆవిడ పేరు రాజ్యం.

ఇటు తిరిగి పడుకో పండూ, దుప్పటి కప్పుతాను. ఆఁ, ఇప్పుడు విను.

రాజ్యం మొగుడు పేరయ్య. సైకిళ్ళు బాగుచేసే కొట్టు ఉండేది ఆయనకి. ఆయనకి ఇద్దరు తమ్ముళ్ళు. ముగ్గురికీ తల్లి బంగారమ్మ. ఇంటి పెత్తనం అంతా ఆవిడదే.

రాజ్యం చారుకి పోపు పెడితే వీధిన పోయేవాళ్ళు నడక తగ్గించేవాళ్ళు. పక్కింటివాళ్ళు పిల్లల చేతికి గిన్నె ఇచ్చి, "రాజ్యం అత్తనడిగి కాస్త చారు పట్టుకురా" అని పంపేవాళ్ళు. అంత బాగా వండేది.

కానీ ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మగవాళ్ళు తినందే ఆడవాళ్ళు ముద్ద ముట్టకూడదు. బంగారమ్మ కోడలికే కాదు, తనకీ అదే పద్ధతి పెట్టుకుంది. ఆ మగవాళ్ళు తిన్నగా ఒకేసారి వస్తారా? ఒకడు మధ్యాహ్నం వస్తాడు, ఒకడు ఎండ తగ్గాక వస్తాడు. చివరివాడు చెయ్యి కడుక్కునేసరికి అన్నం గడ్డకట్టేది. కూర గిన్నె అడుక్కి పోయేది. అత్తాకోడళ్ళు ఆ చల్లన్నమే కలుపుకుని తినేవాళ్ళు.

అట్లా ఏళ్ళు గడిచాయి. అప్పుడు ఒకరోజు రాజ్యానికి ముద్ద గొంతు దిగలేదు. మర్నాడూ దిగలేదు. జ్వరం లేదు, దగ్గు లేదు. కంచం చూస్తే చాలు, మొహం తిప్పేసుకునేది.

అప్పుడు బంగారమ్మ వాము కషాయం కాచి ఇచ్చింది. గుణం లేదు. ఆ తర్వాత వైద్యం చేసే ఆచారిగారి దగ్గర్నుంచి మందు పొట్లాలు తెచ్చారు. గుణం లేదు. ఆ తర్వాత పేరయ్య, "ఇవాళ నేనే వండుతా" అని పొయ్యి ముందు కూర్చున్నాడు. అన్నం మాడిపోయి ఇల్లంతా పొగ. రాజ్యం కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది.

నవ్వి, మెల్లిగా అంది. "ఎవరన్నా వండి, వేడివేడిగా నా ముందు పెడితే తినాలనుందండీ."

మర్నాడు పొద్దున్నే పేరయ్య, "చీర మార్చుకో, హోటలుకి పోదాం" అన్నాడు రాజ్యంతో.

బంగారమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఇంట్లో పొయ్యి వెలుగుతుంటే హోటల్లో తింటారా? కోడలికి తిండి పెట్టట్లేదనుకోరూ ఊళ్ళో?"

"అనుకుంటే అనుకోనీయమ్మా. అది తినకుండా చిక్కిపోతుంటే చూస్తూ ఎట్లా ఉండను?" అన్నాడు పేరయ్య.

ఊరి మధ్యలో పూర్ణయ్య కాఫీ హోటలు ఉండేది. ఆడవాళ్ళు కూర్చోటానికి ఒక పక్క పచ్చ తెర కట్టి చిన్న గది చేశారు. రాజ్యం కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, తల ఎత్తకుండా ఆ తెర వెనక్కి పోయి కూర్చుంది.

వడ్డించే ఆయన పేరు సోమలింగం. ఆయన అరిటాకు వేసి, ఆవిర్లు చిమ్మే ఇడ్లీలు పెట్టాడు. పక్కన అల్లం పచ్చడి, కారప్పొడి, దాని మీద నెయ్యి. రాజ్యం ఒక ముక్క తుంచింది. వేళ్ళు కాలాయి. ఊదుకుని నోట్లో పెట్టుకుంది. ముద్ద దిగింది! ఆ తర్వాత ఇంకోటి దిగింది.

అప్పుడు సోమలింగం వచ్చి, "ఇంకో రెండు వెయ్యమంటారా అమ్మా?" అని అడిగాడు.

ఆ మాటకి రాజ్యం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పేరయ్య కంగారుపడ్డాడు. "కారం ఎక్కువైందా?" అన్నాడు.

"కాదండీ. ఇంకా కావాలా అని రోజూ అందర్నీ అడిగేదాన్నే గానీ, నన్నెవరూ అడగలేదు" అంది.

పేరయ్య తలొంచుకున్నాడు. "వెయ్యండి, ఇంకో రెండు వెయ్యండి" అన్నాడు సోమలింగంతో.

ఇంకోసారి వంతెన దగ్గర బండి మీద మిరపకాయ బజ్జీలు తిన్నారు. బజ్జీని నిలువునా చీల్చి, ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండి ఇచ్చాడు బండివాడు. రాజ్యం కారానికి బుస్సుబుస్సుమంటూ తిన్నది. నిలబడే తిన్నది. కింద కాలవలో నీళ్ళు పోతున్నాయి, గాలి కొడుతోంది. బుగ్గలకి రంగు వచ్చింది ఆ పిల్లకి.

కానీ ఎదురింటావిడ చూసింది. చూసి ఊరుకుంటుందా? "మీ కోడలు వంతెన మీద నిలబడి బజ్జీలు తింటోంది బంగారమ్మొదినా" అని చెప్పేసింది.

బంగారమ్మకి తల కొట్టేసినట్టయింది. కోడలితో మాటలు మానేసింది. రాజ్యం పలకరిస్తే గోడ వంక చూసేది.

మూడోసారి పేరయ్యా రాజ్యం హోటలుకి బయల్దేరగానే, బంగారమ్మ కర్ర పట్టుకుని వెనకే వచ్చింది. మోకాళ్ళు నొప్పులు, పైన ఎండ. అయినా ఆగలేదు. హోటల్లోకి వచ్చి, పచ్చ తెర లాగి, "లే! ఇంటికి నడువు" అని ఒక్క అరుపు అరిచింది.

హోటలంతా చప్పుడు ఆగిపోయింది. రాజ్యం లేచి నిలబడింది.

సరిగ్గా అప్పుడే సోమలింగం పెసరట్లు పట్టుకొచ్చాడు. ఒకటి తీసి బంగారమ్మ ముందు పెట్టాడు. "పెద్దమ్మగారూ, కోపం తర్వాత పడుదురుగాని. ఇది ఇప్పుడే పెనం మీంచి దిగింది, చల్లారితే బాగుండదు. ముందు కూర్చోండి" అన్నాడు.

ఎండన పడి వచ్చిందేమో, బంగారమ్మకి ఆయాసంగా ఉంది, ఆకలిగానూ ఉంది. కూర్చుంది. "అన్నం అవతల పారెయ్యకూడదని, అంతే" అని గొణిగి, ఒక ముక్క తుంచింది. అంచు కరకరలాడింది. లోపల జీలకర్ర, అల్లం, పచ్చిమిర్చి. పొగ మొహానికి కొట్టింది.

బంగారమ్మ నమిలింది. ఇంకో ముక్క తుంచింది. అట్లా మొత్తం తినేసింది.

ఆ తర్వాత నెమ్మదిగా అంది. "నేను ఆ ఇంటికి కాపురానికి వచ్చినప్పుడు నా జడకి కుప్పెలుండేయి రాజ్యం. ఇప్పుడు జడే లేదు. ఇన్నేళ్ళలో పొగలు వచ్చే ముద్ద ఒక్కటి నా నోట్లోకి పోలేదే."

రాజ్యం అత్త పక్కన కూర్చుని, అల్లం పచ్చడి ఆవిడ వైపు జరిపింది.

"ఇంకోటి వెయ్యమంటారా పెద్దమ్మగారూ?" అన్నాడు సోమలింగం.

"వెయ్యి నాయనా. ముందు మా కోడలికి వెయ్యి" అంది బంగారమ్మ.

ఇంటికి రాగానే ఆవిడ ముగ్గురు కొడుకుల్నీ పిలిచింది. "రేపట్నుంచి వంట దించగానే అందరం ఒక్కసారే కూర్చుంటాం. ఆలస్యంగా వచ్చినవాడు చల్లారింది తింటాడు" అంది.

"మరి వడ్డించేదెవరమ్మా?" అన్నాడు చిన్నకొడుకు.

"నీకు చేతుల్లేవుట్రా?" అంది.

మర్నాడు రాజ్యం దోసకాయ పప్పు చేసింది, వడియాలు వేయించింది. చిన్నాడు గరిటె పట్టాడు. పప్పు కంచంలో సగం, పేరయ్య పంచె మీద సగం పోశాడు. బంగారమ్మ పొలమారేదాకా నవ్వింది.

అప్పుడు రాజ్యం తన కంచంలో పొగలు కక్కే అన్నంలో పప్పు కలుపుకుంది, నెయ్యి వేసుకుంది. ఒక ముద్ద తిని, అట్లాగే ఆగిపోయింది.

అందరికీ గుండె గుభేలుమంది. మళ్ళీ దిగలేదా ఏమిటి? "ఏమైందే?" అంది బంగారమ్మ.

రాజ్యం కళ్ళు ఇంతింత చేసుకుని, "నా పప్పు ఇంత బాగుంటుందా అత్తయ్యా!" అంది.

"ఆ, బాగుంటుందే. నాకూ ఇవాళే తెలిసింది" అని, బంగారమ్మ ఇంకో గరిటెడు పప్పు తన చేత్తో కోడలి కంచంలో వేసింది.

ఆ తర్వాత అత్తాకోడళ్ళు హోటలుకి పోవడం మానలేదులే. ఇంటి పప్పు ఇంటిదే, పెసరట్టు పెసరట్టే అనేది బంగారమ్మ. ఇద్దరూ చేతులు పట్టుకుని మెల్లిగా నడిచి పోయేవాళ్ళంట.

అయిపోయింది నాన్నా. ఇంక నిద్రపో.

కథ వెళ్ళింది కంచికి,
కంచం వెళ్ళింది గూటికి,
కడుపు నిండిన మా పండు
కళ్ళు మూసి కలలోకి.