పండుగ చేప, రాహేలు గంప

పందొమ్మిది వందల ముప్పై ఆరు, మే ముప్పై ఒకటి, ఆదివారం, పొద్దున్న ఏడు గంటలకు జరిగిందిది. ఆ రోజు పెంతెకొస్తు పండుగ. మా నాయనమ్మ ఈ సంగతి ఎప్పుడు చెప్పినా ముందు తేదీ, గంట చెప్పి, ఆ తర్వాతే మనుషుల్ని తీసుకొచ్చేది.

మనుషులు ముగ్గురే. మా తాతగారు తిమోతి అయ్యగారు, భీమిలికి ఇవతల సముద్రపొడ్డు పేటలో చిన్న సంఘానికి పాదిరి. ఆయన దగ్గర వాక్యం నేర్చుకుంటున్న జయానందం. చేపలమ్మే రాహేలు. నాయనమ్మ తనని లెక్కలో వేసుకునేది కాదు.

పండుగనాటి ప్రసంగం జయానందం చెయ్యాలి. అతని చిక్కల్లా ఆ ప్రసంగం చివర్లో ఉంది. రాహేలు ఆదివారాలు చేపలమ్ముతోందని, ఆమెని ప్రభువు బల్ల నుంచి, అంటే గుళ్లో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారం నుంచి, తప్పించాలని సంఘ పెద్దలు తీర్మానించారు. ఆ మాట ప్రసంగం అయ్యాక చదవమని అతనికి అప్పజెప్పారు. ఆమె మీద ఇంకో నేరం కూడా ఉంది. పాటలు మొదలయ్యాక కూడా నెత్తిమీద గంపతో గుడి కిటికీ బయట నిలబడి లోపలికి చూస్తూ ఉండేదట. అది తిరస్కారమని పెద్దలు అన్నారు. జయానందమూ అలాగే అనుకున్నాడు.

బల్ల తప్పితే ఆ రోజుల్లో సమాధుల దొడ్లో చోటు కూడా తప్పేది. రాహేలు భర్త అక్కడే ఉన్నాడు, మూడో వరసలో, ప్రహరీ పక్కన. ఆమెకి తెలిసిందో లేదో గాని, ఆ వారమంతా వీధిలో అరిచి అమ్మలేదని నాయనమ్మ చెప్పేది.

శనివారం పొద్దున్న జయానందం ప్రసంగం వినిపించడానికి తాతగారి దగ్గరికి వచ్చాడు. మద్రాసులో చదువుకున్నవాడు. పాత ఇంగ్లీషు పేర్లంటే అతనికి ప్రాణం. ఒక్కో పేరు ఎక్కడ పుట్టిందో, ఎవరి నోట ఎలా అరిగిందో చెబుతుంటే వినబుద్ధయ్యేది. ఈసారి అతను పట్టుకున్నది ఒక చేప పేరు, హాలిబట్.

ఆ పేరుకి ఐదారు వందల ఏళ్లు ఉంటాయన్నాడు. హాలి అంటే పరిశుద్ధం. బట్ అంటే నేలకి కరుచుకుని పడుకునే బల్లపరుపు చేప. ఆ కాలంలో ఆ దేశంలో మాంసం ముట్టని రోజులు ఏడాదిలో చాలా ఉండేవట. ఆ రోజుల్లో చేపే తినేవాళ్లు. పరిశుద్ధ దినాల్లో బల్లమీదికి వచ్చే పెద్ద చేప గనక దానికి ఆ పేరు పెట్టారు. చుట్టుపక్కల దేశాలవాళ్లు కూడా ఆ చేపని వాళ్ల భాషల్లో ఇంచుమించు అలాగే పిలిచారట. మన సముద్రంలోనూ దాని వరసది ఒకటుంది, రెండు కళ్లూ ఒక పక్కనే ఉంటాయి, పైన మట్టిరంగు, కింద తెలుపు.

"చేపనే పరిశుద్ధ దినానికని ప్రత్యేకించారు అయ్యగారూ. మనిషి ఆ దినాన్ని ప్రత్యేకించుకోవద్దా?" అన్నాడు. అక్కణ్నుంచి ప్రసంగం నేరుగా రాహేలు దగ్గరికి వెళుతుంది.

తాతగారు శ్రద్ధగా విన్నారు. పేరు చరిత్ర మళ్లీ ఒకసారి చెప్పించుకున్నారు కూడా. ఆయనకి నిజంగానే నచ్చింది.

"బాగుంది నాయనా. రేపు పండుగ భోజనానికి ఆ చేపే వండిద్దాం. నువ్వే కొనుక్కురా."

పండుగ ఆరాధన అయ్యాక సంఘమంతా మా ఇంట్లో చేపల పులుసుతో అన్నం తినడం వాడుక. ఆ పులుసు పండుగ రోజునే పొయ్యెక్కాలి, ముందురోజు వండి ఉంచకూడదు. అది తాతగారి తల్లి నాటి నుంచి వస్తున్న నియమం. జయానందం ఆరేళ్లుగా ఆ పులుసు తింటున్నాడు, రెండోసారి వడ్డించుకుని మరీ.

ఆదివారం కొనకూడదు గనక శనివారం మధ్యాహ్నమే ఒడ్డుకి వెళ్లాడు. రేపటికి కావాలని అడిగేసరికి ఒడ్డున ఆడవాళ్లు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు.

"రేపటి కూరకి ఇయ్యాల సేపేటి బాబూ? పండగ మీకా, ఈగలకా?" అంది ఒకావిడ.

నవ్వితే నవ్వారని, వెతికి వెతికి అతను చెప్పిన బల్లపరుపు చేపే తెచ్చాడు. పెద్దదే. వరండాలో తడిగోనె కప్పి, ఉప్పు జల్లి, గంటకోసారి నీళ్లు చిలకరించాడు. నాయనమ్మ చూసి, రాత్రికే పులుసు పెట్టేస్తే పొద్దుటికి ఇంకా రుచిగా ఉంటుంది కదా అంది. పండుగ కూర పండుగనాడే వండాలమ్మగారూ, అన్నాడు జయానందం.

"అవున్లే నాయనా. కొనడం పని, వండడం పని కాదు," అని నాయనమ్మ లోపలికి వెళ్లిపోయింది.

మే నెల ఎండలు. తెల్లవారేసరికి గోనె తియ్యక్కర్లేకుండానే తెలిసిపోయింది. నాయనమ్మ ఆ చేపని కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టి, చేతులు కడుక్కుని మసాలా నూరడానికి కూర్చుంది. చింతపండు నానుతోంది. చేప లేదు. గుళ్లో మొదటి గంట కొట్టారు.

ఏడు గంటలకి పెరటి గుమ్మం దగ్గర రాహేలు గొంతు వినిపించింది. "అయ్యగోరూ, గంప" అంది, అంతే.

ప్రతి పండుగకీ ఆ వేళకి ఆ గొంతు ఆ గుమ్మం దగ్గర వినిపిస్తూనే ఉండేది. జయానందం మాత్రం ఆ వేళకి ముందు గదిలో ప్రార్థనలో ఉండేవాడు.

ఆ రోజు పెరట్లోకి వచ్చాడు. తెల్లపంచె, ఇస్త్రీ చేసిన తెల్లకోటు. రాహేలు గుమ్మం బయట నిలబడి ఉంది. నిండు గంప. మెడ నరాలు బిగుసుకుని ఉన్నాయి, అంచునుంచి నీళ్లు చెవి పక్కగా కారుతున్నాయి. ఒంటరిగా దించితే గంప తిరగబడుతుంది. చేపలమ్మేవాళ్లకి ఎత్తడానికి ఒక చెయ్యి కావాలి, దించడానికి ఒక చెయ్యి కావాలి. పేటలో అది పసిపిల్లలకి కూడా తెలుసు.

తాతగారు అరుగుమీద కూర్చునే ఉన్నారు. లేవలేదు.

"జయానందం, గంప దించు నాయనా."

అతను తన కోటు వైపు చూసుకున్నాడు. తర్వాత ఆమె మెడ వైపు చూశాడు. వెళ్లి రెండు చేతులూ వేశాడు. దించేటప్పుడు గంప ఒక పక్కకి ఒరిగింది. చేపల నీళ్లు భుజంనుంచి జేబు దాకా పారాయి.

గంపలో పైన ఉన్నది ఆ బల్లపరుపు చేపే. పచ్చిగా మెరుస్తోంది. తెల్లవారుజామున వలలో పడిందట. అయ్యగారింటికని వీధిలో ఎవరికీ చూపించకుండా తెచ్చానని రాహేలు నాయనమ్మతో చెబుతోంది.

అప్పుడు తాతగారు అడిగారు.

"ఆ దేశంలో పరిశుద్ధ దినాన ఆ చేపని గుమ్మం దాకా ఎవరు తెచ్చేవారు నాయనా?"

జయానందం చేతులు చాపుకుని అలాగే నిలబడ్డాడు, తుడుచుకోవడానికి చోటు దొరకనివాడిలా.

రాహేలు వైపు తిరిగి అడిగాడు. గుడి దగ్గర కిటికీ బయట నిలబడతావు కదా, ఎందుకు, అని.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఏటి సెయ్యను బాబూ. మీరందరూ తెల్లబట్టల్లో ఉంతారు. దించమని ఎవుల్ని పిలుత్తాను?"

కోటు మార్చుకోమని నాయనమ్మ తాతగారి కోటు తెచ్చి ఇచ్చింది. అతను వద్దన్నాడు. ఆ మరకతోనే గుడికి వెళ్లాడు. ముందు వరసలో కూర్చున్న పెద్దలు ముక్కులు ఎగబీల్చారు.

జయానందం చేసిన ప్రసంగాల్లో అంత చిన్నది మరొకటి లేదట. చేప పేరు చెప్పాడు, దాని వయసు చెప్పాడు, అర్థం చెప్పాడు. పరిశుద్ధ దినాన అది బల్లమీదికి వచ్చేదన్నాడు. అక్కడ ఆగాడు. చదవాల్సిన కాగితం కోటు జేబులోనే ఉంది, తడిసి. దాన్ని తియ్యలేదు. ప్రసంగవేదిక దిగి, గుడి మధ్యగా నడిచి, వెనక గుమ్మం దగ్గరికి వెళ్లాడు. రాహేలు ఆ రోజు గంప లేకుండా వచ్చి, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"రాహేలమ్మగారూ, రండి. బల్ల సిద్ధంగా ఉంది," అన్నాడు.

మా సంఘంలో ఆమెని గారు అని పిలవడం అదే మొదలు. పెద్దల్లో ఒకాయన లేవబోయాడు. అప్పటికే తాతగారు రొట్టె విరిచి చేతిలో పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఆ పెద్దాయన మళ్లీ కూర్చున్నాడు.

మధ్యాహ్నం పులుసు సరిపోలేదట. ఆ పెద్దాయనే మూడుసార్లు వడ్డించుకున్నాడని నాయనమ్మ మాత్రం మర్చిపోలేదు.

మర్నాడు సోమవారం పొద్దున్నే తాతగారు, జయానందం కలిసి ఒడ్డునుంచి రాళ్లు మోసుకొచ్చారు. నాయనమ్మ సున్నం కలిపింది. గుడి గుమ్మం పక్కనే, కిటికీ కింద, రాయిమీద రాయి పేరుస్తూ ఒక దిమ్మ కట్టారు. ఎంత ఎత్తు ఉండాలో ఎవరికీ తెలియలేదు. వీధిలో వెళుతున్న రాహేలమ్మని పిలిచి, గంపతో పక్కన నిలబడమన్నారు. జయానందం ఆమె భుజం ఎత్తుకి గోడమీద బొగ్గుతో గీత గీశాడు.

ఆమె ఆ గీత చూసి, ఇంకో బెత్తెడు దించమంది.

గీత దాకా పేర్చిన రాళ్లలో ఒక వరస తీసేశారు. ఆమె దిమ్మకి దగ్గరగా జరిగి, మోకాళ్లు కొంచెం వంచి, తల పక్కకి వాల్చింది. జయానందం దించడానికి ముందుకి వచ్చాడు. అక్కర్లేదన్నట్టు ఆమె చెయ్యి ఊపింది.

గంప దిమ్మమీద నిలబడింది.