గంట మోగని రింగు

మైలపల్లి ఎల్లాజీ ముందు ఎవరూ మూడో రౌండు దాకా నిలబడేవారు కాదు. అతనికొచ్చిన చిక్కల్లా అదే.

విశాఖపట్నం రేవు పక్కన, ఒకప్పుడు గోనెసంచులు నిలవచేసిన పాత గోదాములో నూరుల్లా ఉస్తాద్ బాక్సింగ్ నేర్పేవాడు. ఎల్లాజీది సముద్రంమీద వేటకెళ్ళే ఇల్లు. చిన్నప్పటినుంచీ వల లాగిన భుజాలు. మనిషి గుమ్మంలో నిలబడితే గదిలో వెలుతురు తగ్గేది. హెవీవెయిట్‌లో అతనికి ముందు జిల్లాలో జోడీ లేకుండా పోయింది, తర్వాత రాష్ట్రంలోనూ లేకుండా పోయింది. రింగులోకి దిగడం, కుడిచేత్తో తలమీద నాలుగు వెయ్యడం, అవతలివాడు కూలడం, రిఫరీ చేత చెయ్యి పైకెత్తించుకుని రావడం. ఇంక నేర్చుకునేదేమీ లేదని అతను నోటితో ఎన్నడూ అనలేదు. కాని ఉస్తాద్ ఏదైనా చెబుతుంటే అతని చూపు తలుపు వైపు పోయేది.

ఆ యేడు పోటీల్లో అతని చేతిలో ఓడినవాళ్ళలో ఒకడు కూర్మారావు. పలాసలో జీడిపప్పు కార్ఖానాలో పని. మొండివాడు. మిగతావాళ్ళలా మొదటి దెబ్బకే పడిపోలేదు. పడ్డాడు, లేచాడు, మళ్ళీ తిన్నాడు. గంట మోగితే మూలకెళ్ళి కూర్చుని, మళ్ళీ మోగగానే లేచొచ్చి మళ్ళీ తిన్నాడు. చివరికి రిఫరీ ఆపేశాడు. డాక్టరు కళ్ళలోకి టార్చి వేసి చూసి, బాగానే ఉన్నాడన్నాడు. కూర్మారావు నవ్వుతూ ఎల్లాజీని కావిలించుకుని, ఆ సాయంత్రమే బస్సెక్కి వెళ్ళిపోయాడు.

కొన్ని వారాలు పోయాక ఉస్తాద్ ఎవరికీ చెప్పకుండా పలాస వెళ్ళొచ్చాడు. వచ్చాక ఎల్లాజీని పక్కన కూర్చోబెట్టుకుని, అక్కడ చూసింది చెప్పాడు.

కూర్మారావు బాగానే పలకరించాడట. ఉస్తాద్‌ని గుర్తుపట్టి, కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇవ్వబోయాడట. చెంబు వంచి గ్లాసులోకి పోస్తున్నాడు. గ్లాసు నిండింది. నీళ్ళు బల్లమీదికి పొర్లాయి. బల్ల అంచునుంచి అతని పాదాలమీద పడ్డాయి. అతను పోస్తూనే ఉన్నాడు. చెంబు ఖాళీ అయ్యాక కూడా అలాగే వంచి పట్టుకుని, ఉస్తాద్ మొహంలోకి చూస్తూ నవ్వుతూ నిలబడ్డాడు. వాళ్ళమ్మ లోపలినుంచి వచ్చి, అతని చేతిలోంచి చెంబు తీసుకుంది. అప్పటికే చేతిలో తుడిచే గుడ్డ ఉందట.

ఎల్లాజీకి ఒళ్ళు జలదరించింది. జలదరించినందుకు కోపం వచ్చింది.

తను రూలు దాటలేదన్నాడు. వెనకనుంచి కొట్టలేదు, పడ్డవాణ్ణి కొట్టలేదు, డాక్టరు చూసే పంపించాడు. ఇప్పటి గ్లౌజులు తలగడల్లా ఉంటాయి, అంత మెత్తటి దెబ్బకి చెడిపోయే తల ఎప్పటికైనా చెడిపోయేదేనన్నాడు. తన మాట తనకే చాల్లేదనిపించి, జేబులోంచి ఫోను తీశాడు.

అందులో నూరేళ్ళనాటి హెవీవెయిట్ ఛాంపియన్ల ఆటలున్నాయి. ఎవరో పాత రీళ్ళనుంచి ఎక్కించినవి. చప్పుడుండదు. బూడిదరంగు మనుషులిద్దరు ఒకరి చుట్టూ ఒకరు నడుస్తుంటారు. ఎడమచెయ్యి బారుగా ముందుకి చాచి, నడుం పైభాగం వెనక్కి వాల్చి, ఏ తొందరా లేనట్టు. చాలాసేపు ఏమీ జరగదు. ఉన్నట్టుండి ఒకడు డొక్కలో ఒక్కటి పొడిచి, అవతలివాడి మెడమీద వాలిపోతాడు. చుట్టూ టోపీలు పెట్టుకున్న జనం నోళ్ళు తెరిచి అరుస్తుంటారు. ఆ అరుపు వినపడదు. ఆ జనంలో ఇప్పుడు ఒక్కడైనా బతికి లేడు.

వాళ్ళవి గుప్పెడంత గ్లౌజులనీ, ఇరవై రౌండ్లూ పాతిక రౌండ్లూ, ఒక్కోసారి ఒకడు లేవలేకపోయేదాకా ఆడేవారనీ, అయినా చాలామంది బాగానే బతికారనీ ఎల్లాజీ వివరించాడు. అలాంటప్పుడు ఇంత దళసరి గ్లౌజులతో, ఇంత చిన్న ఆటలో తనేం పాపం చేశాడని అడిగాడు. ఆపైన నవ్వాడు.

"అయినా ఉస్తాద్, చూడండి, ఎంత నెమ్మదో. నీళ్ళలో నడుస్తున్నట్టున్నారు. వీళ్ళని ఛాంపియన్లంటారా? నా ముందుకొస్తే ఒక్క రౌండు."

ఉస్తాద్ ఫోను తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. చూసి తిరిగిచ్చేశాడు. రేపు పొద్దున్నే రమ్మన్నాడు. మిగతావాళ్ళకి రావద్దని చెప్పమన్నాడు.

మర్నాడు ఎల్లాజీ వచ్చేసరికి సముద్రంమీంచి మంచు దిగి ఉంది. రేవులో క్రేన్లకి కాళ్ళు కనపడుతున్నాయి గాని తలలు కనపడటం లేదు. ఎక్కడో ఓడ కూసింది, ఏ వైపునో తెలియలేదు. గోదాములో దీపం వెయ్యలేదు. పైకప్పు రేకుల సందుల్లోంచి దిగిన వెలుతురు, వెలుతురులా కాక పొగలా ఉంది.

ఉస్తాద్ తలుపు మూసి గడియపెట్టాడు. రింగు పక్కన ఏదో పాత పడవ తాలూకు ఇత్తడి గంట వేలాడుతుంటుంది. రౌండు మొదలుకీ ముగింపుకీ దాన్నే కొడతారు. ఉస్తాద్ జేబురుమాలు తీసి, దాని నాలిక చుట్టూ చుట్టి, ముడివేశాడు. తర్వాత రేకుపెట్టెలోంచి రెండు జతల గ్లౌజులు తీశాడు.

నల్లబడిపోయిన తోలు. లోపల గుర్రపు వెంట్రుకలు కూరారట, అదీ వేళ్ళ కణుపుల దగ్గర పలచగా. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియలేదు. ఉస్తాద్‌కి నేర్పిన గౌస్ సాహెబ్‌వి అవి. ఆయన రంగూన్ రేవులో ఓడలు దిగిన తెల్లవాళ్ళతో ఈ గ్లౌజులతోనే ఆడేవాడు. పొద్దున మొదలైన ఆట ఎండ నెత్తికెక్కాక కూడా తేలని రోజులు ఉండేవట. ఆయన పోయి చాలాకాలమైంది. తోలుకి మాత్రం ఇంకా చెమట వాసన ఉంది. ఎవరో ఇప్పుడే విప్పి పెట్టినట్టు.

ఎల్లాజీ చేతికి పట్టీలు చుట్టుకోబోతే ఉస్తాద్ వద్దన్నాడు. ఒట్టి చేతులకే గ్లౌజులు తొడిగి, తాళ్ళు తనే బిగించాడు. తన చేతులకీ తొడుక్కుని, తాళ్ళు పళ్ళతో లాక్కున్నాడు.

"ఎంతసేపు ఉస్తాద్?"

"ఎవరైనా వద్దనేదాకా."

రింగులో ఎల్లాజీకి ఎదురుగా నిలబడ్డది డెబ్బై దాటిన మనిషి. మణికట్టు ఎముక పొడుచుకొచ్చి కనపడుతోంది. ముసలాయన్ని నొప్పించకుండా రెండు తాకించి ముగించేద్దామనుకున్నాడు.

ఉస్తాద్ ఎడమచెయ్యి బారుగా చాచాడు. నడుం పైభాగం వెనక్కి వాల్చాడు. ఫోనులో బూడిదరంగు మనుషులు నిలబడ్డట్టే నిలబడి, నడవడం మొదలుపెట్టాడు.

ఎల్లాజీ మెల్లగా ఒకటి వేశాడు. తల అక్కడ లేదు. కొంచెం గట్టిగా ఇంకొకటి వేశాడు. ఉస్తాద్ గడ్డం గుండెలకి ఆనించి నుదురు వంచాడు. ఎల్లాజీ పిడికిలి సరిగ్గా నుదుటి ఎముకమీద పడింది. కణుపుల్లో పుట్టిన నొప్పి మోచేతిదాకా పాకింది. రాతిగోడని కొట్టినట్టయింది. ఇంతకాలంలో ఎన్నో తలలు కొట్టాడు, ఎప్పుడూ ఇలా కాలేదు. మళ్ళీ వేశాడు. మళ్ళీ నుదురే.

అప్పటినుంచి అతని కుడిచెయ్యి వెళ్ళేముందు ఆలోచించడం మొదలుపెట్టింది.

డొక్కల్లో కొట్టబోతే ఉస్తాద్ మోచేతులు అడ్డం వచ్చేవి. దగ్గరికెళితే ఆయన మెడమీద వాలిపోయేవాడు. ఆ బక్క ఒంటికి అంత బరువెక్కడిదో. ముసలాయన ఊపిరి చెవిలో వినపడేది, నిద్రపోయేవాడి ఊపిరిలా. ఎల్లాజీ ఆయన్ని మోస్తున్నాడు. ఆయన ఎల్లాజీ మీద సేదదీరుతున్నాడు. విడిపించుకుంటే మళ్ళీ నడక.

ఎల్లాజీ ఒంటికి ఒక అలవాటుంది. రౌండు ఎప్పుడు ముగుస్తుందో అతనికి తెలియకపోయినా ఒంటికి తెలుసు. ఆ వేళ కాగానే భుజాలు వాటంతటవే సడలాయి, చెవులు గంటకోసం చూశాయి. గంట మోగలేదు. ఉస్తాద్ ఎడమచెయ్యి వచ్చి నోటిమీద తాకింది. గట్టిగా కాదు. పెదవి చిట్లి ఉప్పగా తగిలింది.

మళ్ళీ ఆ వేళయింది. మళ్ళీ ఒళ్ళు ఆశపడింది. గంట మోగలేదు. ఆ తర్వాత ఒళ్ళు ఆశపడటం మానేసింది.

ఎంతసేపు గడిచిందో అతనికి తెలియలేదు. రేకుల సందుల్లోంచి మంచు లోపలికి దిగినట్టుంది. ఉస్తాద్ మొహం కనపడీ కనపడకుండా ఉంది. ఒకసారి ఉస్తాద్‌లా, ఒకసారి ఇంకెవరిలాగో. రింగు చెక్కలమీద అడుగుల చప్పుడు వింటున్నాడు. తనవి కొన్ని, ఉస్తాద్‌వి కొన్ని. అవి తీసేస్తే ఇంకా కొన్ని మిగులుతున్నట్టనిపించింది. రింగు తాళ్ళ అవతల, చీకట్లో, చాలామంది నిలబడి ఉన్నట్టు. నోళ్ళు తెరుచుకుని ఉన్నా చప్పుడు లేనట్టు. అటు తిరిగి చూడాలనిపించలేదు. చూడకుండా ఉండటానికీ భయం వేసింది.

అప్పుడు తన చెయ్యి చూసుకున్నాడు.

ఎడమచెయ్యి బారుగా చాచి ఉంది. నడుం పైభాగం వెనక్కి వాలి ఉంది. పాదాలు చెక్కని వదలకుండా, ఊపిరి వృథా కాకుండా, నెమ్మదిగా నడుస్తున్నాయి. అలా నడవమని అతనికి ఎవరూ చెప్పలేదు. అలా నడవాలని అతను అనుకోలేదు. నొప్పి పుట్టిన కుడి పిడికిలి గుండె దగ్గర దాక్కుని, ఒక్క చోటు కోసం, ఒక్క క్షణం కోసం కాచుకుని ఉంది. నీళ్ళలో నడుస్తున్నట్టున్నాడు. బయటినుంచి ఎవరైనా చూస్తే, బూడిదరంగు వెలుతురులో బూడిదరంగు మనుషులిద్దరు ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతున్నట్టే ఉంటుంది.

తన చేతులకి గ్లౌజులు తొడుక్కున్నది తను కాదనీ, ఎవరో తననే చేతికి తొడుక్కుని ఆడుతున్నారనీ అతనికి అనిపించింది.

ఆ క్షణంలో ఉస్తాద్ ఆగాడు. చేతులు రెండూ కిందికి వదిలేశాడు. మొహం ఎత్తి, ఏ అడ్డూ లేకుండా, చేతికి అందేంత దూరంలో నిలబడ్డాడు. ఒక కణత పైన ఆయన నుదురు నల్లగా కమిలి ఉంది. ఆ మొహం ఇప్పుడు ఉస్తాద్‌దే, అనుమానం లేదు.

ఎల్లాజీ కుడిచెయ్యి లేచింది. ఇన్నేళ్ళ అలవాటు దాన్ని లేపింది. భుజం తిరిగింది, మడమ లేచింది. పొద్దుట్నించీ ఆ పలచటి తోలులోంచి చేతికి తెలిసినదంతా ఒక్కసారి గుర్తొచ్చింది. చర్మం కదలడం, దాని కింద ఎముక, ఎముక కింద ఏదో.

చెయ్యి గాలిలోనే ఆగింది.

"కొట్టు," అన్నాడు ఉస్తాద్.

ఎల్లాజీ కొట్టలేదు.

"కొట్టు బేటా. ఒక్క రౌండులో అయిపోతుంది."

"వద్దు ఉస్తాద్."

తన గొంతు తనకే కొత్తగా వినపడింది. చెక్కలమీద కూలబడ్డాడు. ఉస్తాద్ వెళ్ళి గడియ తీసి తలుపు తెరిచాడు. బయట మంచు విడిపోయి ఎండ బాగా పైకి వచ్చేసింది. రేవులో కూలీలు పనిలో ఉన్నారు. తాళ్ళ అవతల గోడ తప్ప ఏమీ లేదు.

ముసలాయన వచ్చి ఎదురుగా చతికిలబడి, ఎల్లాజీ గ్లౌజుల తాళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. కుడిచెయ్యి వాచిపోయి గ్లౌజు తేలిగ్గా రాలేదు. వేళ్ళు మూసుకోవడం లేదు. ఆ పాత ఛాంపియన్ల చేతులన్నీ ఇలాగే ఉండేవా అని ఎల్లాజీ అడిగాడు. అందుకేనా వాళ్ళు అలా చేతులు దాచుకుని, తలని వదిలేసి డొక్కలు వెతుక్కుంటూ తిరిగేవారని అడిగాడు. ఉస్తాద్ ఆ వాచిన చేతిని నెమ్మదిగా పట్టుకుని, అరచేతిని తన నుదుటిమీద కమిలిన చోట ఆనించి, పైన తన చెయ్యి కప్పాడు.

నుదురు కాలిపోతోంది. అరచేతి కింద ఏదో కొట్టుకుంటోంది, పట్టుకున్న పిట్ట గుండెలా.

"పెద్ద గ్లౌజులో ఇది తెలియదు," అన్నాడు ఉస్తాద్.

ఎల్లాజీ చెయ్యి తీసుకోలేదు. చాలాసేపు తీసుకోలేదు.