సూర్యుణ్ణి వెతికిన పందికొక్కు

అనగనగా ఒక అడవిలో, వాగు గట్టు కింద ఒక బొరియలో, గోరయ్య అనే పందికొక్కు ఉండేవాడు. ఆ అడవిలో జంతువులన్నిటికీ సూర్యుడే దేవుడు. పొద్దున్నే అందరూ ఆయనకు దండం పెట్టేవారు. గోరయ్య మాత్రం పెట్టేవాడు కాదు. ఎలా పెడతాడు చెప్పండి? పందికొక్కులు పగలంతా నిద్రపోతాయి కదా! పుట్టి బుద్ధెరిగాక వాడు సూర్యుణ్ణి చూస్తే ఒట్టు.

"చూడనివాణ్ణి నేను నమ్మను. నిజంగా ఉంటే నా తెలివితోనే కనిపెడతాను" అనేవాడు మీసాలు దువ్వుకుంటూ.

ఒకరోజు జోరున వాన. కొంగ తరుముతుంటే బుడుంగమ్మ అనే కప్ప వచ్చి గోరయ్య బొరియలో దూరింది. అంతలోనే నానిన గట్టు దభీమని కూలింది. బొరియ నోరు మూసుకుపోయింది.

లోపల చిమ్మచీకటి. గాలి కూడా తగ్గిపోతోంది.

"ఇలాగే ఉంటే ఊపిరాడక చస్తాం అక్కా" అన్నాడు గోరయ్య.

"ఏం భయం లేదన్నా. సూర్యదేవుడే వచ్చి కాపాడతాడు. నువ్వూ నాలాగా కళ్లు మూసుకుని కూర్చో" అంది బుడుంగమ్మ.

"ఈ చీకట్లో కళ్లు మూస్తే ఎంత, తెరిస్తే ఎంత! ఆయన నిజంగా ఉంటే నేనే కనిపెడతా. ఆయనున్న చోట గాలి కూడా ఉంటుంది. ఆయన సాయంత్రం నేలలోకి దిగిపోతాడని అందరూ అంటారు. అంటే ఆయన ఇల్లు కిందే!"

గోరయ్య కిందికి తవ్వాడు. తవ్వగా తవ్వగా చల్లటి నీళ్లు ఊరాయి.

"దేవుడు దొరక్కపోయినా స్నానం దొరికింది" అని కప్ప హాయిగా మునిగింది.

గోరయ్య మళ్లీ ఆలోచించాడు. "పొద్దున తూర్పున లేస్తాడట. తూర్పుకు తవ్వుతా."

"ఇక్కడ తూర్పు ఎటో?"

"నా ముక్కు ఎటుంటే అదే తూర్పు!"

అదీ వాడి తెలివి! తవ్వితే, పోయినేడు దాచి మరిచిపోయిన వేరుశెనక్కాయలు బయటపడ్డాయి. ఒకటి నోట్లో వేసుకున్నాడు గానీ, నమలడానికి కూడా ఊపిరి చాల్లేదు.

గోళ్లు అరిగిపోయాయి. గోరయ్యకు ఏడుపొచ్చింది. "నా తెలివి అయిపోయింది. స్వామీ, ఉంటే నువ్వే రా" అన్నాడు.

బయట వాన వెలిసి ఎండ కాస్తోంది. ఆ ఎండకు మట్టి ఆరింది. ఆరి, చిన్నగా పగిలింది. ఆ పగులులోంచి దారమంత వెలుగు వచ్చి గోరయ్య మీసాల మీద పడింది.

"వచ్చాడు! వచ్చాడు!" అని బుడుంగమ్మ ఎగిరి గంతేసింది. "ఇక కూర్చో అన్నా. ఆయనే మనల్ని బయటికి లాగుతాడు."

కాసేపు చూశారు. వెలుగు అలాగే ఉంది. ఆ సందులో చీమ కూడా పట్టదు.

"అక్కా, ఎటు తవ్వాలో ఆయన చెప్పేశాడు. తవ్వడానికి నాకు గోళ్లు ఉన్నాయిగా!" అని గోరయ్య ఆ వెలుగు వైపు తవ్వడం మొదలుపెట్టాడు. బుడుంగమ్మకు సిగ్గేసింది. అదీ లేచి, కాళ్లతో మట్టిని వెనక్కి తన్నింది. భళ్లున బొరియ నోరు తెరుచుకుంది. ఇద్దరూ బయటపడి, ఆయాసం తీరేదాకా గడ్డిలో పొర్లారు. ఆ తర్వాత పోట్లాట మొదలైంది.

"చూశావా, ఆయనే వచ్చాడు!"

"నేను తవ్వకపోతే ఆయన్ని చూస్తూ చూస్తూ లోపలే పోయేదానివి!"

"ఆయన రాకపోతే నువ్వు పాతాళం దాకా తవ్వేవాడివి!"

రెండూ నిజమే. అందుకే ఇద్దరికీ నవ్వొచ్చింది.

"సరేలే అన్నా, ఇంత వెతికావు కదా, ఆయన్ని తలెత్తి చూడవేం?" అంది బుడుంగమ్మ.

గోరయ్య రెండు చేతులతో కళ్లు మూసుకుని ఉన్నాడు. "చూడలేనక్కా, కళ్లు చెదిరిపోతున్నాయి. అయినా ఫర్వాలేదు. ఆయనే నా వీపు మీద వెచ్చగా చెయ్యి వేసి ఉంచాడు" అన్నాడు.

నీతి: మన తెలివి ఒక్కదానితోనే దేవుణ్ణి కనిపెట్టలేం; దారి ఆయనే చూపించాలి. చూపించాక మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోకూడదు పిల్లలూ!